వరదొస్తే ముందు పెట్టే ఛానెల్

తెలుగు టీవీ చరిత్ర అనగానే 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1995లో జెమిని, ఈటీవీ అని చెప్పేసి ఊరుకుంటారు. ఊరూరా కేబుల్ వాళ్లు నడిపిన లోకల్ ఛానెళ్ల ఊసే ఎవరూ ఎత్తరు. రాజమండ్రిలో పెరిగినవాణ్ని, నాకది చాలా బాధగా ఉంటుంది.

అవి పుట్టిన తీరే వేరు. డాబా మీద డిష్‌లు, కింద గదిలో రిసీవర్లు, ఒక్కో ఛానెల్‌కి ఒక్కో మాడ్యులేటర్ (బొమ్మని కేబుల్‌లో దాని సొంత నంబరు మీదికి ఎక్కించే పెట్టె), అక్కణ్నుంచి కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ వైరు. ఆ వరసలోనే ఇంకో మాడ్యులేటర్ పెట్టి, దానికి వీడియో క్యాసెట్లు ఆడించే వీసీఆర్ తగిలిస్తే ఊరికి సొంత ఛానెల్ వచ్చేసినట్టే! మొదట్లో సినిమాలే వేసేవారు. తర్వాత పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లను పెట్టుకుని మునిసిపల్ మీటింగులు, నిమజ్జనాలు, స్కూల్ వార్షికోత్సవాలు తీయించారు, పొద్దున తీసిన క్యాసెట్ బండి మీద కంట్రోల్ రూముకి వెళ్తే రాత్రికి మన వీధివాళ్లు టీవీలో కనిపించేవారు. 1995 కేబుల్ చట్టం వచ్చాక ఆపరేటర్లు పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చింది.

లోకల్ ఛానెల్ విలువ తెలిసేది గోదావరి పొంగినప్పుడే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2006 ఆగస్టు వరదల్లో ఇంట్లో అందరం లోకల్ ఛానెల్ కింద పరుగెత్తే ఆ స్క్రోలింగే చూస్తూ కూర్చున్నాం. ఇప్పుడెంత, ఏ రోడ్డు మూశారు, అన్నీ అందులోనే. పెద్ద ఛానెళ్లు రాష్ట్రమంతటికీ కలిపి చెప్తాయి, మా లంకల్లో, అంటే గోదావరి మధ్య దీవుల్లో, చుట్టాలున్నవాళ్లకి అది చాలదు కదా. అదే స్క్రోలింగులో మామూలు రోజుల్లో మంచినీళ్లు రాని వార్డులు, తప్పిపోయిన ముసలాయన ఆనవాళ్లు, పుట్టినరోజు ఫొటోలు, పెద్దకర్మ కబుర్లు.

సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అన్న రూలుతో ఇదంతా తలకిందులైంది. హైదరాబాద్, విశాఖల్లో 2013లోనే వచ్చాయి, మిగతా ఊళ్లకి 2017 గడువు. సిగ్నల్ ఎక్కడో పెద్ద కంపెనీ దగ్గరే లాక్ అయి వస్తుంటే మన ఊరి ఆపరేటర్ మధ్యలో తన వీసీఆర్ ఎక్కడ తగిలిస్తాడు? డబ్బు కట్టి ఆ కంపెనీ ఛానెళ్ల వరసలో స్లాట్ తీసుకోగలిగినవాళ్లు నిలబడ్డారు, కొందరు యూట్యూబ్‌కి వెళ్లారు, మిగిలినవాళ్లు మూసేశారు. డిజిటల్ వల్ల బొమ్మ బాగుపడింది, నిజమే. కానీ ఊరికి చోటు ఎక్కడుంటుందని ఆ రూలు రాసినవాళ్లు ముందే ఆలోచించాల్సింది.

నాకు ఎక్కువ దిగులు క్యాసెట్ల గురించే. కొత్త టేపు ఖర్చని చాలావాటి మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసేశారు, మిగిలినవి అటకల మీద బూజు పడుతున్నాయి. 2003 పుష్కరాలు ఘాట్ ఘాట్‌కీ తీసిన టేపులు ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి పారేయకండి. వీసీఆర్ బాగుచేసేవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు, వాళ్లు ఉండగానే కంప్యూటర్‌లోకి ఎక్కించేయండి.