గేటు దగ్గర నిలబడిన మనిషి ముఖం తెలుస్తుందా?

తాడేపల్లిగూడెంలో మా అమ్మానాన్నలు ఉంటున్న వీధిలో కిందటి శీతాకాలం ఒక ఇంటి నీళ్ల మోటారు రాత్రికి రాత్రే పోయింది. ఆ ఇంటికి కెమెరా ఉంది, ఆ రాత్రి పనిచేసింది కూడా. మర్నాడు వీధిలో వాళ్లంతా కూర్చుని రికార్డింగు చూస్తే, ఒక మనిషి గోడ దూకి రావడం, మోటారు విప్పుకుని పోవడం అంతా కనిపించింది కానీ, ముఖం ఉండవలసిన చోట తెల్లటి వెలుగు ముద్ద తప్ప మరేమీ లేదు. నాన్న ఈ సంగతి ఫోనులో చెప్పి మనమూ ఒక కెమెరా పెట్టిద్దామన్నప్పుడు, హైదరాబాదులో ఉన్న నాకు ఆ ముద్దే పదే పదే గుర్తుకు వచ్చింది. అందుకే ముందు పరీక్షించి, ఆ తర్వాతే కొనాలని నిశ్చయించుకుని, సంక్రాంతి సెలవులకు వెళ్లేటప్పుడు నా దగ్గర ఉన్నదొకటి, స్నేహితుల నుంచి అడిగి తీసుకున్నవి మూడు, మొత్తం నాలుగు కెమెరాలు వెంట తీసుకువెళ్లాను. ఒక్క కెమెరాను చూసి కంపెనీ మొత్తం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు కాబట్టి ఇక్కడ పేర్లు రాయడం లేదు.

మా వరండా మెట్ల నుంచి గేటు సరిగ్గా 7 మీటర్లు. అమ్మ దగ్గర ముగ్గుపిండి తీసుకుని మెట్ల నుంచి గేటు వరకు మీటరుకు ఒకటి చొప్పున ఏడు గీతలు గీశాను. రాత్రి పదకొండు దాటాక మా బావమరిది తలకు తువ్వాలు చుట్టుకుని ఒక్కో గీత మీద కాసేపు నిలబడి, ఆ తర్వాత మామూలు నడకతో గేటు నుంచి మెట్ల దాకా వచ్చేవాడు. ఆ రికార్డింగును మర్నాడు, అతన్ని ఎన్నడూ చూడని పక్కింటి అద్దెవాళ్లకు చూపించి, వరండాలో కూర్చున్న నలుగురిలో ఈ మనిషి ఎవరో చెప్పమని అడిగేవాణ్ణి. కెమెరాకు ఇంతకన్నా సరైన పరీక్ష నాకు తోచలేదు.

పెట్టె మీద 1080పి అని రాసి ఉన్న, 2.8 మిల్లీమీటర్ల లెన్సు గల కెమెరా ఇంటి ముందు భాగాన్నంతా ఒకే చూపులో పట్టేసింది గానీ, మూడో గీత దాటితే ముఖం పోల్చుకోవడం ఎవరివల్లా కాలేదు. దీనికి లెక్క ఉంది. ముఖం చూసి అపరిచితుణ్ణి నిస్సందేహంగా గుర్తించాలంటే అతను నిలబడిన చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే చిత్రాన్ని కూర్చే చుక్కలు, ఉండాలని, ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125, అసలు ఎవరో ఉన్నారని తెలియడానికి 25 చాలునని ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. 1080పి చిత్రానికి అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు, అంటే 250 చొప్పున అవి సుమారు ఏడున్నర మీటర్ల వెడల్పుకు మించి సరిపోవు. ఆ లెన్సు దాదాపు 100 డిగ్రీల మేర చూస్తుంది కాబట్టి మూడు మీటర్ల దూరానికే ఆ వెడల్పు వచ్చేస్తుంది. అడ్డంగా 2560 పిక్సెళ్లు ఉండి, 4 మిల్లీమీటర్ల లెన్సుతో కాస్త ఇరుకుగా చూసే 4 మెగాపిక్సెల్ కెమెరా ఇదే లెక్కన ఆరో గీత దాకా ముఖం చూపించాలి. పగలు చూపించింది కూడా.

రాత్రి మాత్రం అదీ తడబడింది. చీకట్లో కెమెరా మన కంటికి ఆనని కాంతినిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వేసుకుని, వెలుతురు చాలక ఒక్కొక్క ఫ్రేమును ఎక్కువ సేపు తీసుకుంటుంది. దానివల్ల నిలబడిన మనిషి స్పష్టంగానే కనిపించినా, నడిచే మనిషి అలుక్కుపోతాడు. దగ్గరికి వచ్చినప్పుడు ఆ దీపాల కాంతి సూటిగా ముఖం మీద పడి తెల్లబారుస్తుంది. మా వీధిలో జరిగింది ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. పైగా నేను కెమెరాను సున్నం వేసిన సన్‌షేడ్ కిందికి ఆనించి బిగించడంతో, ఆ తెల్లటి గోడే కాంతిని తిరగ్గొట్టి చిత్రమంతా పాలిపోయింది. దాన్ని అడుగున్నర ముందుకు జరిపి, 11 అడుగుల ఎత్తు నుంచి 8 అడుగులకు దించాక నెత్తికి బదులు ముఖం కనిపించసాగింది. అయితే అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది గేటు స్తంభానికి పెట్టిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. అది వెలుగుతుండగా, నడిచి వస్తున్న బావమరిదిని అద్దెవాళ్లు ఐదో గీత దగ్గరే గుర్తుపట్టారు. కెమెరాకు మరో రెండు వేలు ఎక్కువ పెట్టాలనుకునేవారు ముందు ఆ బల్బు పెట్టి చూడాలని నా గట్టి అభిప్రాయం.

అలర్ట్‌ల సంగతికి వస్తే, చిత్రంలో మార్పును బట్టి పసిగట్టే కెమెరా కొబ్బరాకుల నీడకూ, లెన్సు ముందు సాలీడు అల్లిన దారానికీ రాత్రంతా ఫోను మోగించింది. మనిషి ఆకారాన్ని వేరుచేసి చూసే కెమెరా ఆ బాధ చాలావరకు తప్పించింది. బ్యాటరీతో నడిచేది ఒంటి వేడిని పసిగట్టి నిద్ర లేస్తుంది. జనవరిలో బాగానే లేచింది గానీ, మే నెలలో మళ్లీ వెళ్లి చూసినప్పుడు, చుట్టూ ఉన్న గాలి మనిషి ఒంటితో సమానంగా వేడెక్కిన మధ్యాహ్నాల్లో బావమరిది మెట్లు ఎక్కేదాకా అది కదలనే లేదు. మన ఎండలకు దాన్ని నమ్ముకోలేం.

కరెంటు పరీక్ష కూడా తప్పనిసరిగా చేయాలి. మెయిన్ ఆపి, పది నిమిషాల తర్వాత రౌటర్ లేకుండా కెమెరాలకు మాత్రమే కరెంటు ఇచ్చి చూశాను. ఒక కెమెరా రికార్డింగు మొదలుపెట్టింది గానీ దాని మీద పడిన సమయం 1970 జనవరి 1, ఉదయం 5:30. లోపల గడియారానికి బ్యాటరీ లేక, రౌటర్ ద్వారా నెట్ నుంచి సమయం తెలుసుకునే వీలూ లేక అది చాలా కంప్యూటర్ల కాలగణన మొదలయ్యే క్షణానికి వెళ్లిపోయింది. అటువంటి రికార్డింగును రేపు పోలీసులకు ఇస్తే ఎన్ని ప్రశ్నలు వస్తాయో ఆలోచించండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టడంతో ఈ చిక్కు తీరింది. రికార్డింగు దాచే మెమరీ కార్డు విషయంలోనూ ముందే లెక్క వేసుకోవాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రాస్తే సుమారు 21.6 జీబీ అవుతుంది, అంటే 128 జీబీ కార్డులో ఆరు రోజులు కూడా నిలవదు. ఊరెళ్లి వారం తర్వాత తిరిగివచ్చేవారికి అది చాలదు.

పాస్‌వర్డు మార్చకుండా కెమెరాను నెట్‌కు కలపవద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రాము), కంపెనీలు పెట్టిన పాస్‌వర్డులే మిగిలి ఉన్న కెమెరాలను, వాటి రికార్డింగు పెట్టెలైన డీవీఆర్‌లను లక్షల్లో వశపరచుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే నిలిపివేసింది. మన దేశంలో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉందా అని దుకాణంలో అడగడానికి మొహమాటపడవద్దు.

నాలుగో కెమెరా గదిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుకునే రకం. హాల్లో పెట్టి చూస్తుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి, “దొంగను చూడ్డానికా నాన్నా, మమ్మల్ని చూడ్డానికా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే దాన్ని విప్పి పెట్టెలో పెట్టేశాను. ఎదురింటి గుమ్మం కనిపించే భాగాన్ని కూడా సెట్టింగుల్లో నల్లగా మూసేశాను.

చివరికి వైరుతో నడిచే 4 మెగాపిక్సెల్ రకానివి రెండు కొన్నాం. ఒకటి గేటుకు, రెండోది మోటారు ఉన్న పెరటికి. నాన్న ప్రతి నెలా ఒకటో తారీఖున బూజుకర్రతో వాటి చుట్టూ సాలెగూళ్లు దులిపి, ముందురోజు రాత్రి రికార్డింగులో ఏదో ఒక నిమిషం తెరిచి చూసి, తేదీ, సమయం సరిగ్గా పడ్డాయని తన డైరీలో రాసుకుంటున్నారు.