సీటీ రూంలో మానిటర్‌కి అంటించిన పాస్‌వర్డ్

పోయిన నెల నాన్నకి ఛాతీలో పట్టేసినట్టుందంటే విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లా. సీటీ స్కాన్ రూం బయట కూర్చుంటే తలుపు సందులోంచి కంప్యూటర్ కనబడుతోంది, మానిటర్ అంచుకి కాగితం ముక్క, దానిమీద పెన్నుతో పాస్‌వర్డ్, తెరమీద విండోస్ 7. నేను చేసేది నెట్‌వర్కింగ్ ఉద్యోగం, నా కళ్లు ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ టెక్నీషియన్‌ని మాత్రం తప్పుపట్టను, అర్ధరాత్రి ఎమర్జెన్సీ కేసొస్తే పాస్‌వర్డ్ కోసం ఎవర్ని నిద్రలేపుతాడు పాపం.

స్కానర్ కొంటే పదేళ్ల పైనే వాడతారు, లోపలున్న విండోస్‌కి అంత ఆయుష్షు ఉండదు. విండోస్ 7కి మామూలు సపోర్ట్, అంటే కంపెనీ పంపే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2020 జనవరిలోనే ఆగిపోయింది. పోనీ మార్చేద్దామా అంటే మెషిన్ కంపెనీ టెస్ట్ చేసి సరే అనాలి, ఈలోగా ఏదన్నా తేడా వస్తే ప్రాణాలతో పని, అందుకే ఎవరూ ముట్టుకోరు. అది నాకూ అర్థమవుతుంది. కానీ ముట్టుకోలేని మెషిన్‌ని కనీసం వేరే నెట్‌వర్క్‌లో పెట్టాలి కదా, బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరో పిచ్చి మెయిల్ ఒకటి తెరిస్తే అందులోని వైరస్ స్కానర్ దాకా పాకకుండా!

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబర్ 23న రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) పడినప్పుడు 5 సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా లాక్ అయిపోయాయి. నెట్‌వర్క్‌ని సరిగ్గా విడగొట్టకపోవడమే కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఓపీ, ల్యాబ్, బిల్లింగ్ అన్నీ రెండు వారాల పాటు చేత్తో రాసుకున్నారు, ఎక్కడెక్కడి నుంచో రైలెక్కి వచ్చినవాళ్లు ఆ క్యూల్లో నిలబడ్డారు. పేషెంట్ల రిజిస్ట్రేషన్లు, అడ్మిషన్లు నడిపే ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ డేటా తిరిగొచ్చిందంటే ఒక బ్యాకప్ సర్వర్‌కి ఏమీ కాలేదు కాబట్టి. డేటా అంటే అందరూ గుట్టు బయటపడటం గురించే మాట్లాడతారు, నాకు అంతకంటే భయం వైద్యం ఆగిపోవడం.

నాన్న రిపోర్ట్ బానే వచ్చింది. టెక్నీషియన్ తన సొంత ఫోన్ నుంచి వాట్సాప్‌లో పంపాడు, పేరు, వయసు, ఫోన్ నంబర్ అన్నీ ఉన్నాయి దాంట్లో. "తమ్ముడూ, నీ ఫోన్‌లోంచి తీసేస్తావా" అని అడిగితే గ్యాలరీ తెరిచి వెతకడం మొదలుపెట్టాడు, పైకి జరుపుతూనే ఉన్నాడు, అన్నీ రిపోర్టులే, అందరివీ.