ఆ రోడ్డు ఎవరిది?

"బడి ముందు రోడ్డు దాటాలంటే పిల్లలకు భయంగా ఉంది. ఏం చేద్దాం?"

తొమ్మిదో తరగతి సివిక్స్ పీరియడ్‌లో బోర్డు మీద ఈ మాట రాసి, చాక్‌పీస్ పిల్లల చేతికిచ్చేశాను. స్థానిక ప్రభుత్వాల పాఠం అప్పటికి మొదలుపెట్టలేదు. కావాలనే.

ఇదివరకు ముందు పాఠం చెప్పి, చివర్లో ప్రాజెక్టు ఇచ్చేదాన్ని. చార్టులు అందంగా వచ్చేవి. నెల తిరిగాక అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుండేది కాదు. సమస్య ఆధారిత బోధనలో వరస తిరగబడుతుంది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులతో ఇది మొదలైంది. అక్కడ ముందు రోగి సమస్య, దాని వెంట శాస్త్రం. ఆ పద్ధతికి రూపమిచ్చిన వాళ్లలో హోవర్డ్ బారోస్ ఒకరు. బోర్డును నాలుగు గళ్లు చేయడం ఆయన దగ్గర నేర్చుకున్నదే: ఆలోచనలు, తెలిసినవి, తెలుసుకోవాల్సినవి, చేయాల్సినవి.

మొదటి గడి రెండు నిమిషాల్లో నిండిపోయింది. స్పీడ్ బ్రేకర్ వేయాలి, పోలీసును పెట్టాలి. రెండో గడి దగ్గర చాక్‌పీస్ ఆగింది.

"వేసేదెవరు?"

"గవర్నమెంటు."

"ఏ గవర్నమెంటు?"

ఎవరూ మాట్లాడలేదు. జవాబు నా నాలుక చివరే ఉంది. అయినా నోరు మెదపలేదు. ఈ పద్ధతిలో టీచరుకు అన్నిటికన్నా కష్టం అదే.

మున్సిపాలిటీకి ఉత్తరం రాశారు. ఆ రోడ్డు తమ పరిధిలోది కాదని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. అధికారాల విభజన గురించి ఆ రోజు ఇరవై నిమిషాలు చెప్పాను. క్లాసు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు. ఈ పద్ధతిలో ఉపన్యాసం ఉండకూడదనే వాళ్లతో నేను ఏకీభవించను. అవసరం పుట్టాక చెప్పే పాఠం వేరు.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, "మా నాన్న అంబులెన్సు నడుపుతారు. స్పీడ్ బ్రేకర్ వేస్తే లోపలున్న పేషెంటు సంగతేంటి?" అంది. రెండు రోజులు వాదించుకున్నారు. నా ప్లానులో ఈ ప్రశ్నే లేదు. జవాబు మనకు ముందే తెలిసినదాన్ని సమస్య అని ఇస్తే పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు, మనకేం కావాలో అదే చెప్పి ఊరుకుంటారు.

వారం పాటు బడి గంట వేళల్లో వాహనాలు లెక్కపెట్టారు. స్పీడ్ బ్రేకర్ మాట కొట్టేసి, బడి వేళల్లో వేగ పరిమితి, దాటించడానికి ఒక మనిషి కావాలని ఈసారి రోడ్ల శాఖకు రాశారు. జవాబింకా రాలేదు. నిన్న క్లాసుకు వెళ్లేసరికి మూడో గడిలో ఎవరో కొత్త ప్రశ్న రాసిపెట్టారు: "జవాబు ఇవ్వకపోతే ఎవరిని అడగాలి?"