కలంకారీ పింటరెస్ట్‌లో దొరకదు

పెళ్లిపత్రిక పని రాగానే చాలామంది డిజైనర్లు ముందు పింటరెస్ట్ తెరుస్తారు. అక్కడ కలంకారీ అని కొడితే వచ్చేవి ఎక్కువగా ఒకరి వెక్టర్ (కంప్యూటర్‌లో గీతలుగా గీసిన బొమ్మ) చూసి ఇంకొకరు గీసిన వెక్టర్లు. మూడో చేతికి వచ్చేసరికి నెమలి ఉంటుంది గానీ గీతలో జీవం ఉండదు. ఆ గీత ఎలా పుట్టిందో తెలియాలంటే అసలు గుడ్డ చూడాలి.

శ్రీకాళహస్తి పనివాళ్ల కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. రంగు ఆ చుట్టలో నిలుస్తుంది, వేళ్లతో నొక్కేకొద్దీ మొనకు దిగుతుంది. అందుకే గీత ఒకచోట లావెక్కి ఇంకోచోట సన్నబడుతుంది. నల్లరంగేమో తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టి తీసింది. గుడ్డను ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లబడుతుంది, పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. పాలు చాలకపోతే గీతల అంచులు చెదిరిపోతాయి.

ఇంత జరిగే గీతను బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో 1 పాయింట్ సమాన స్ట్రోక్‌తో, అంటే అంతటా ఒకే లావుతో, గీస్తే స్టిక్కర్‌లా కాక ఇంకెలా ఉంటుంది? విడ్త్ టూల్‌తో లావు మార్చుకోవచ్చు. ఇంకా మేలు, బ్రష్ పెన్నుతో కాగితం మీద గీసి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయడం. స్కాన్‌ను వెక్టర్‌గా మార్చే ఇమేజ్ ట్రేస్‌లో నాయిస్ విలువ పెంచితే సన్న చుక్కలన్నీ మాయమవుతాయి, తక్కువే ఉంచండి.

కలంకారీకి పేరున్న మరో ఊరు, కృష్ణా జిల్లా పెడనలో లెక్క వేరు. అక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు, రంగుకో అచ్చు. నాలుగు రంగులు కావాలంటే ప్రతి పువ్వు మీదా నాలుగు అద్దకాలు. రంగులు పొదుపుగా వాడే అలవాటు అక్కడే వస్తుంది. అచ్చు ఒక వెంట్రుకవాసి జరిగితే రేఖకూ రంగుకూ మధ్య తెల్లటి సందు కనిపిస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌కు కలర్ సెపరేషన్ (ఒక్కో రంగును విడదీయడం) చేసేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

రంగులు ఎత్తుకునేటప్పుడే ఎక్కువమంది దెబ్బతినేది. షాపులోని ఎల్ఈడీ వెలుగులో ఫోన్‌తో తీస్తే ఎరుపు నారింజకు తిరగొచ్చు. గుడ్డను పగలు నీడపట్టున పరిచి, పక్కన తెల్లకాగితం పెట్టి తీయండి. ఫొటోషాప్‌లో వైట్ బ్యాలెన్స్ ఆ కాగితాన్ని బట్టి సరిచేయండి. రంగును ఎత్తే ఐడ్రాపర్ టూల్ ఒక్క పిక్సెల్ మీద ఉంటే దారాల మధ్య నీడనే పట్టుకుంటుంది, 31×31 పిక్సెళ్ల సగటు పెట్టుకోండి. రంగులతో పాటు ఏ రంగు ఎంత మేర పరుచుకుందో కూడా రాసుకోవాలి. అవే ఐదు రంగులు సమానంగా పంచితే కలంకారీ కాదు, హోలీ అవుతుంది. ఇక నీలిమందు రంగు ప్రెస్సుకెళ్తే ఊదాగా దిగుతుంది. సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు సిరాల లెక్క) గులాబీ సిరా మెజెంటాను నీలి సిరా సయాన్ కన్నా కనీసం 30 శాతం తక్కువ ఉంచితే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది.

అక్షరాల కోసమైతే పాత తెలుగు పత్రికల శీర్షికలు చూడండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడున్నాయి. చాలావాటిలో రంగు ఉండదు, ఉత్త నలుపు తెలుపే, అయినా అక్షరం ఒంపు చూడ్డానికి అది చాలు. వాటిలో ఒత్తులకు వదిలిన చోటు గమనించండి. సాఫ్ట్‌వేర్ తనంతట తానిచ్చే 120 శాతం లీడింగ్ (అక్షరం సైజును బట్టి వరుసల మధ్య దూరం) ఇంగ్లిష్‌కు సరిపోతుంది. తెలుగులో పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. 150తో మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దుకోండి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ఇలస్ట్రేటర్ టైప్ ప్రిఫరెన్సుల్లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాకు భారతీయ లిపులను సరిగా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుని మళ్లీ చూడండి.

ఊరు కదల్లేకపోతే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైటులో కోరమాండల్ తీరపు పాత అద్దకం గుడ్డల ఫొటోలున్నాయి. 2017 నుంచి అక్కడ పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేనివి) అని గుర్తు వేసిన బొమ్మల్ని వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, ఓపెన్ యాక్సెస్ ఫిల్టర్ పెట్టి వెతకండి. ఇప్పటి కళాకారుల పని మాత్రం అడగకుండా ట్రేస్ చేయకూడదు. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కే భౌగోళిక) గుర్తింపు ఉంది కాబట్టి, మీరు డిజిటల్ ప్రింట్ వేయించిన గుడ్డకు ఆ పేరు తగిలించడం కూడా కుదరదు.