పిడికెడు పిండి, చిటికెడు ఉప్పు

జెరూసలేంలో మూడు రోజులున్నాను. ఎవరు అడిగినా ఒక్క భోజనం గురించే చెబుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పడమటి గోడ దగ్గరికి వెళ్లాను, యూదుల పాత దేవాలయ ప్రాంగణంలో మిగిలిన గోడ అది. ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న చోటు. రాళ్ల సందుల్లో కుక్కిన చీటీలు, ఎండ, తోపులాట, ఫోన్లు పైకెత్తిన చేతులు. గోడ మీద చెయ్యి పెట్టాను. రాయి నున్నగా తగిలింది, అంతే. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి ఏమీ అనిపించకపోయేసరికి మనసు చిన్నబోయింది.

బయటికొస్తే బస్సుల్లేవు, ట్రామ్ ఆగిపోయింది. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం, శబ్బాతు, దగ్గరపడితే ఆ ఊళ్లో అంతే. టాక్సీ అతను నేను వెళ్లాల్సిన రెహావియా పేట దాకా నూట యాభై షెకెళ్లు అడిగాడు. మన డబ్బుల్లో మూడు వేలు దాటుతుంది, కాస్త దూరానికి! కోపంతో నడక మొదలుపెట్టాను. యాఫా రోడ్డులో షట్టర్లు పడుతున్నాయి. ఉన్నట్టుండి సైరన్ మోగింది. గుండె ఆగినంత పనైంది. దీపాలు పెట్టే వేళైందని చెప్పే సైరనట అది.

మా అక్క అక్కడ కేర్‌గివర్. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లిన చాలామందిలాగే ముసలివాళ్లను చూసుకునే పని. ఏడేళ్లుగా ఒకే పెద్దావిడ దగ్గర ఉంది. ఆమెను ‘సవ్తా’ అని పిలుస్తుంది, హీబ్రూలో నానమ్మ అని. ఆ రాత్రి సవ్తా నన్ను భోజనానికి రమ్మంది.

బల్ల మీద తెల్లగుడ్డ, రెండు కొవ్వొత్తులు, ఇంకో గుడ్డ కింద జడలా అల్లిన రెండు రొట్టెలు. ద్రాక్షరసం మీద ప్రార్థన అయ్యాక, రెండు పిడుల చెంబుతో చేతులు కడుక్కున్నాం. రొట్టె నోట్లో పడేదాకా ఎవరూ మాట్లాడకూడదని అక్క కళ్లతోనే చెప్పింది. సవ్తా చేతులు వణుకుతున్నాయి. అయినా రొట్టె తానే కోసింది. ఒక్కో ముక్కనూ ఉప్పులో అద్ది ఇచ్చింది.

‘‘ఉప్పు ఎందుకక్కా?’’ అన్నాను. అక్క అడిగింది, సవ్తా చాలాసేపు చెప్పింది.

క్రీస్తు శకం 70లో రోమన్లు యూదుల దేవాలయాన్ని కూల్చారు. బలిపీఠం పోయింది, అర్పణలు ఆగిపోయాయి. అప్పట్నుంచి భోజనాల బల్లే బలిపీఠం. గుడి ఉన్నప్పుడు బలిపీఠం మనిషి పాపం తీర్చేది, ఇప్పుడు అతని బల్ల తీరుస్తుందని వాళ్ల పాత ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో ఉందట. ఆ బల్ల దగ్గర అతిథికి, లేనివాళ్లకు అన్నం పెడతాం కాబట్టి. ప్రతి అర్పణతోనూ ఉప్పు పెట్టాలని వాళ్ల పవిత్రగ్రంథం తోరా చెప్పింది, అందుకే రొట్టెకూ ఉప్పు. అర్పణను వాళ్లు ‘కొర్బాన్’ అంటారు. దగ్గరవడం అనే మాటలోంచి పుట్టిన పేరు.

‘‘పొద్దున పిండి కలిపినప్పుడు చూడాల్సింది తమ్మీ’’ అంది అక్క. ముద్దలోంచి రేగుపండంత తీసి, ఆశీర్వాదం చదివి, విడిగా కాల్చేస్తారట. ఒకప్పుడు అది పూజారుల వంతు. ఇప్పుడు ఎవరూ తినరు, కానీ తీయకుండా ఉండరు.

ఆ తర్వాత సవ్తా చెప్పిన మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పశువును తేలేని పేదవాడు గోధుమపిండి, నూనె తెచ్చేవాడట. పూజారి అందులోంచి ఒక పిడికెడు తీసి నిప్పుల్లో వేసేవాడట. సవ్తా వణికే చేతిని అరచేతి మీదికి మూడు వేళ్లు మడిచి చూపించింది.

ఆ చెయ్యి నాకు తెలుసు. మా అమ్మ పొద్దున బియ్యం కొలిచి, కడిగే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. కుండ నిండితే ఆకలని వచ్చినవాళ్లకు పోసేది. ఇంట్లో బియ్యం తక్కువున్న నెలల్లో కూడా. అందులో చెయ్యి పెట్టినందుకు చిన్నప్పుడు దెబ్బలు తిన్నాను. అది పూజ అని ఎవరూ అనలేదు, అమ్మ కూడా అనలేదు.

రెండో రోజు అక్క స్నేహితురాలి తెలుగు బైబిల్ తిరగేశాను. లేవీయకాండంలో ఆ పిండి అర్పణను ‘నైవేద్యము’ అన్నారు. మా దేవుడి గది మాటే.

ఆదివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు మళ్లీ రొట్టె తిన్నాం. తిన్నాక సవ్తా ప్రార్థనకు సర్దుకుంటుంటే, ఎవరూ చెప్పకుండానే అక్క కత్తి తీసి వంటగదిలో పెట్టొచ్చింది. బలిపీఠం రాళ్ల మీద ఇనుము తగలకూడదట. ఇనుము ప్రాణం తీసేది, బలిపీఠం ప్రాణం నిలిపేది.

‘‘ఏడేండ్లు వీళ్ల ఉప్పు తిన్న తమ్మీ, అన్నీ చేతికొచ్చినయ్’’ అంది అక్క. బస్టాపు దాకా నా బ్యాగు తనే మోసింది. బస్సు ఎక్కుతుంటే కిటికీ దగ్గరికొచ్చి, ‘‘అమ్మ కుండ ఇంకా ఉందేమో చూడు. ఉంటే ఫొటో పంపు’’ అంది.