పానా పక్కన పెట్టి పెడల్ తొక్కు

సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే, అందరూ హాస్టల్ కిచిడీ గురించో, క్లాసు ఎగ్గొట్టి పిల్లలమర్రికి పోయిన సంగతో రాస్తారని నాకు తెలుసు. అందుకే నేను బ్రేకుల మీద పడ్డాను. పాలమూరులో మోటార్ మెకానిక్ ట్రేడు చదివిన ఆ రెండేళ్లలో నేర్చుకున్నవాటిలో ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నవి ఎక్కువగా ఆ క్లాసులే.

షెడ్డు చివర కండెమ్ అయిన జీపు ఒకటి ఉండేది, గుర్తుందా? ఇంజను లేదు, వెనక సీట్లు లేవు. నాలుగు డ్రమ్ బ్రేకులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేవి. సార్ మనకు తెలియకుండా దానికి ఏదో ఒక రోగం పెట్టేవారు. ఒకరోజు బ్రేకు సందు సరిచేసే అడ్జస్టర్ వెనక్కి తిప్పేవారు, ఇంకోరోజు బ్రేకు ఆయిల్ పోయే లైన్లోకి కాస్త గాలి ఎక్కించేవారు. పొద్దున మనం ఒక్కొక్కరం ఎక్కి తొక్కి, రోగమేదో చెప్పాలి. ఎవడైనా టూల్ బాక్సు వైపు చూస్తే చాలు, "ఆ పానా పక్కన పెట్టు బిడ్డా. ముందుగాల తొక్కు, అదే చెప్తది" అనేవారు.

నిజంగానే చెప్పేది. మొదటిసారి తొక్కితే పెడల్ బాగా కిందికి పోయి, వెంటవెంటనే రెండు మూడుసార్లు కొడితే పైకి లేచి గట్టిపడిందంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకూ, దాన్ని లోపలినుంచి ఒత్తి ఆపే షూలకూ మధ్య సందు పెరిగినట్టు. కొట్టినకొద్దీ లేస్తున్నా, కాలి కింద స్పాంజీ పెట్టినట్టు మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉన్నట్టు. ఆయిల్ నొక్కినా కుదించుకోదు, గాలి కుదించుకుపోతుంది, మన కాలి బలమంతా అక్కడే ఖర్చవుతుంది. ఇక మూడోది, పెడల్ లేచి గట్టిగా నిలబడ్డాక కాలు అలాగే ఉంచితే మెల్లగా నేలకు దిగిపోవడం. ఈ మూడోదాంతోనే మెకానిక్కులు ఇప్పటికీ తిప్పలు పడుతుంటారు.

మన బ్యాచ్‌మేట్ ఒకడు జడ్చర్లలో టాక్సీ నడుపుతాడు. పేరు రాస్తే ఊరుకోడు. పోయిన ఎండాకాలం బండి తీసుకుని నా షెడ్డుకు వచ్చాడు. సిగ్నల్ దగ్గర కాలు ఆనించి నిలబడితే పెడల్ కిందికి జారిపోతోందట. అప్పటికే ఒకచోట ప్యాడ్లు, వెనక లైనర్లు మార్పించాడు. వాళ్లు బండి నడిపి చూసి, గట్టిగా బ్రేకు కొట్టి, "బాగానే ఉందన్నా, ఆయిల్ కూడా తగ్గలేదు" అని పంపించేశారట. నాలుగు చక్రాలూ విప్పించి చూశాను. టైర్ల లోపలి వైపు, బ్యాక్ ప్లేట్ల కింద, హోసుల దగ్గర ఎక్కడా తడి లేదు. డబ్బాలో ఆయిల్ గీత దాకా ఉంది.

ఇంజను ఆపి, కాలి బలానికి తోడు బలమిచ్చే బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ పోయేదాకా పెడల్ కొట్టించి, "ఇప్పుడు తన్నకు, ఊకె కాలు ఆనించి పెట్టు" అన్నాను. పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వాడి మోకాలు సన్నగా ముందుకు కదలడం మొదలైంది, వాడికి తెలియకుండానే. చూస్తుండగానే బూటు మ్యాటుకు తగిలింది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు కప్పు అరిగితే జరిగేది ఇదే. మెల్లగా నొక్కితే ఆయిల్ ఆ కప్పు అంచు దాటి వెనక్కి జారి మళ్లీ డబ్బాలోకే చేరుతుంది, అందుకే లెవెల్ తగ్గదు. గట్టిగా తన్నినప్పుడు ప్రెషరే ఆ అంచును సిలిండర్ గోడకు అదుముతుంది కాబట్టి బ్రేకు మామూలుగా పడుతుంది. ఎక్కువమంది గట్టిగా కొట్టే చూస్తారు, అందుకే రోగం దొరకదు. ఇంకో సంగతి, ఆయిల్ తగ్గుతూ బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్ నుంచి విడదీసి ఆ మధ్యలో చూడండి. వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్ కడుపులోకే పోతుంది.

ఒక్కటి మాత్రం రోగం కాదు. పెడల్ మీద కాలుంచి ఇంజను స్టార్ట్ చేస్తే అది కొంచెం దిగాలి. అది బూస్టర్ పనిచేస్తున్న గుర్తు. ఇది చూసి టెన్షన్ పడి వచ్చేవాళ్లు నాకు నెలనెలా తగులుతారు.

లోపలి రబ్బర్ల కిట్ వేద్దామా, సిలిండరే మార్చేద్దామా అని వాడు బేరం పెట్టాడు. విప్పి చూస్తే లోపలి గోడ మీద తుప్పు గుంటలు. అట్లాంటి గోడ మీద కొత్త రబ్బరు ఎన్నాళ్లు నిలుస్తుంది? మొత్తం మార్చాం.

తర్వాత గాలి తీసే పని. మన కుడి స్టీరింగు బండ్లలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండేది ఎడమ వెనక చక్రం, మామూలుగా దానితో మొదలుపెడతాం. బండి మాన్యువల్ వేరే వరస చెప్తే ఆ వరసే. చక్రం దగ్గర గాలి వదిలే నిప్పిల్‌కు పైపు తొడిగి, దాని కొస సీసాలోని ఆయిల్లో ముంచి, "కొట్టు... కొట్టు... పట్టు!" అని అరుస్తుంటే ఇద్దరికీ నవ్వు ఆగలేదు. జీపు కింద పడుకుని మనం ఎంత అరిచేవాళ్లమో! నిప్పిల్ బిగించకముందే పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుందని సార్ నెత్తిన మొట్టికాయ వేసేవారు. పాత సిలిండర్ ఉన్న బండిలో పెడల్ నేల దాకా తొక్కనిచ్చేవారు కాదు, కింద చెక్క ముక్క పెట్టించేవారు. రోజూ కప్పు తిరగని చోట తుప్పు పేరుకుని ఉంటుంది, అక్కడిదాకా నెట్టితే బాగున్న రబ్బరు కూడా చిరుగుతుంది.

పాత ఆయిల్ నల్లటి డికాషన్ రంగులో వచ్చింది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. వాడేమో నెలకోసారి శ్రీశైలం కిరాయి కొడతాడు. పాతాళగంగ వైపు ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే బండి ఆపుకుంటూ పోతే ఆ వేడికి ఆయిల్ మరిగి లైన్లో ఆవిరి చేరుతుంది. అప్పుడు ఎంత మంచి సిలిండరైనా పెడల్ కిందికే. సీసా మూత తీసి ఏళ్లు గడిచిన ఆయిల్ వాడొద్దని, పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగమని చెప్పి పంపాను.

మొన్న ఫోన్ చేస్తే పెడల్ అక్కడే నిలబడుతోందన్నాడు. ఇప్పుడు క్లచ్ జారుతోందట.