ఒక సెమిస్టర్ యూరప్‌లో: క్రెడిట్ల లెక్క వరంగల్‌లోనే తేలాలి

వరంగల్‌లో మా విభాగం నుంచి విద్యార్థులను యూరోపియన్ యూనియన్ విద్యా మార్పిడి పథకం ఎరాస్మస్ ప్లస్ కింద ఒక సెమిస్టర్ చదువుకు పంపే పని చూస్తున్నాను. వీసాయే కష్టమని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అసలు చిక్కంతా క్రెడిట్ల దగ్గరే.

రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటే అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ఆ తర్వాత ప్రతి విద్యార్థికీ లర్నింగ్ అగ్రిమెంట్, అంటే చదువు ఒప్పంద పత్రం రాయాలి. విద్యార్థి, మనం, అక్కడివాళ్లు, ముగ్గురి సంతకాలూ ప్రయాణానికి ముందే పడాలి. అందులో అక్కడ చదివే సబ్జెక్టులకు ఒక పట్టిక, వాటి బదులు ఇక్కడ మినహాయించే సబ్జెక్టులకు ఇంకో పట్టిక ఉంటాయి. రెండోది ‘వచ్చాక చూద్దాంలే’ అని ఖాళీగా వదిలేస్తే, తిరిగొచ్చాక ఎగ్జామ్ బ్రాంచ్ అదే పేపర్ మళ్లీ రాయమంటుంది. అక్కడ పాసైన పిల్లలకు ఇక్కడ బ్యాక్‌లాగ్ పడుతుంది.

లెక్క ఇలా వేస్తాం. యూరప్ యూనివర్సిటీల ఉమ్మడి క్రెడిట్ పద్ధతిని ఈసీటీఎస్ అంటారు. అందులో ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. క్లాసు, ల్యాబు, ఇంట్లో చదువు అన్నీ అందులోనే. మనది సెమిస్టర్‌కు 20 క్రెడిట్లయితే, వాళ్ల 6 మనకు 4. ఇక్కడే ఒక మెలిక ఉంది. వాళ్ల దగ్గర సిగ్నల్ ప్రాసెసింగ్ థియరీ, ల్యాబు కలిపి ఒకే 6 క్రెడిట్ల సబ్జెక్టు కావచ్చు. మన దగ్గర థియరీకి 3, ల్యాబుకు 1, రెండు వేర్వేరు కోడ్లు. వచ్చేది ఒకే గ్రేడు. దాన్ని రెండు కోడ్లకూ ఎలా వేయాలో సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ తీర్మానంలో ముందే రాయించుకోవాలి.

పేరు కూడా చూసుకోవాలి. మెమోలో ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. అక్కడి మార్కుల పత్రం పాస్‌పోర్ట్ పేరుతో వస్తుంది కాబట్టి, ఎంపికైన విద్యార్థి పేరు అక్కడికి పంపే (నామినేషన్) రోజే రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి.

వెళ్లొచ్చిన పిల్లలకన్నా ఈ కాగితాలు రాయాల్సి వచ్చిన విభాగమే ఎక్కువ మారుతుందని నమ్ముతాను. మన సిలబస్‌లో యూనిట్ల పేర్లే ఉంటాయి. సబ్జెక్టు అయ్యాక విద్యార్థికి ఏం చేయడం వస్తుంది, ఎన్ని గంటలు పడుతుంది, ప్రాజెక్టుకు ఎంత వెయిటేజీ అని అక్కడి యూనివర్సిటీవాళ్లు అడుగుతారు. జవాబు రాయడానికి కూర్చుంటేనే ఒకే యూనిట్‌ను రెండు సబ్జెక్టుల్లో చెబుతున్నామని బయటపడుతుంది. అలా దొరికినవి దిద్దుకుంటే వరంగల్ దాటని పిల్లలకూ లాభమే.

ఇదే పథకం కింద లెక్చరర్ల రాకపోకలైతే ప్రయాణం కాక కనీసం 5 రోజులు, వారానికి కనీసం 8 గంటల బోధన. బయటి నుంచి వచ్చినవాళ్లతో ఆడిటోరియంలో ఒక్క ఉపన్యాసం ఇప్పించి పంపేయకండి. 8 గంటలూ ఒకే క్లాసుకు ఇప్పించి, మన లెక్చరర్‌ను వెనక బెంచీలో కూర్చోబెట్టండి. రామప్ప ఆదివారం చూపించొచ్చు. వాళ్లు విదేశీయులు కాబట్టి, గెస్ట్‌హౌస్‌లో దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా నమోదు కావాలి. ఆ లాగిన్ ఎవరి దగ్గరుందో వాళ్లు రాకముందే కనుక్కోండి.